విప్పి, బిగించి, క్లిక్‌మనిపించి!

ముక్కలుగా వచ్చిన కిట్‌ను చేత్తో బిగించుకోవడం ఒక సరదా. అటక మీది పాత రీలు కెమెరాను దించి మళ్లీ ఫొటోలు తీయడం ఇంకో సరదా. ఈ రెండూ చేతులు కలిపిన చోట ఎంత ఆనందం ఉందో చెప్పేదే ఈ కథనం.

1888లో అమెరికాలోని రోచెస్టర్ నుంచి జార్జ్ ఈస్ట్‌మన్ ఒక కెమెరాను బజారులోకి తెచ్చాడు. పేరు కొడాక్, ధర 25 డాలర్లు. వంద ఫొటోలకు సరిపడా ఫిల్ము లోపల ముందే చుట్టి ఉండేది. కొన్నవాళ్లకు మిగిలిన పనల్లా దారం లాగి షట్టర్‌ను సిద్ధం చేయడం, బటన్ నొక్కడం, పైనున్న మీట తిప్పి ఫిల్మును ముందుకు జరపడం. వందా అయిపోయాక కెమెరాను ఉన్నదున్నట్టు కంపెనీకి పంపేవారు. అక్కడే మూత తీసి, ఫిల్ము కడిగి, గుండ్రటి ఫొటోలు వేసి, కొత్త ఫిల్ము ఎక్కించి తిరిగి పంపేవారు. అందుకు మరో 10 డాలర్లు.

ఆ రోజుల్లోనే మన సికింద్రాబాద్‌లో లాలా దీన్ దయాళ్ స్టూడియో నడుస్తోంది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫర్ ఆయన. గాజు పలకల మీద బొమ్మ పట్టే ఆ కాలపు ఫొటోగ్రాఫరుకు లెన్స్ సంగతి తెలియాలి, వెలుతురు అంచనా తెలియాలి, రసాయనాల పాళ్లు తెలియాలి. ఈస్ట్‌మన్ పెట్టె వచ్చాక మామూలు జనానికి ఆ చదువంతా అక్కర్లేకపోయింది. రాజులకూ దొరలకూ పరిమితమైన ఫొటో అందరి ఇళ్లకూ వచ్చింది. అది గొప్ప మేలు, కాదనలేం. కానీ లోపల ఏం జరుగుతోందో చూసే అలవాటు కూడా అక్కడి నుంచే తగ్గుతూ వచ్చింది. ఈ రోజు మన జేబులోని ఫోను వెనక మూత తీయడానికి మనకు మామూలుగా వీలే లేదు.

ఆ మూత మళ్లీ తీయాలనుకునేవాళ్ల గురించే నేను రాస్తున్నాను. వాళ్లలో ఒకరు వారాంతంలో నిప్పర్, ట్వీజర్ పట్టుకుని ప్లాస్టిక్ చట్రంలోంచి విమానం రెక్కలు కత్తిరిస్తుంటారు. ఇంకొకరు తాతగారి కెమెరాకు కొత్త ఫోమ్ అతికిస్తుంటారు. నాకు ఈ రెండూ ఒకే సరదాగా కనిపిస్తాయి. రెండింట్లోనూ వస్తువు మన చేతిలో నిలబడి, తాను ఎలా పనిచేస్తుందో విప్పి చూపిస్తుంది. ఫొటో బాగా వస్తే ఎందుకు వచ్చిందో తెలుస్తుంది. రాకపోతే ఎక్కడ తేడా కొట్టిందో వెతికి పట్టుకోవచ్చు. ఆ తెలియడంలో ఉన్న సంతోషం బజారులో కొనుక్కుంటే వచ్చేది కాదు.

పత్రికతో పాటు కెమెరా

జపాన్‌లో గక్కెన్ అనే ప్రచురణ సంస్థ ‘పెద్దల సైన్సు’ పేరుతో ఒక పత్రిక తెచ్చింది. ప్రతి సంచికతోనూ ఏదో ఒకటి బిగించుకునే కిట్ ఇచ్చేవారు. 2009లో వచ్చిన 25వ సంచికతో ఏకంగా ఒక కెమెరా ఇచ్చారు. రెండు లెన్సులతో, నడుము దగ్గర పట్టుకుని పైనుంచి తొంగిచూసే రకం. పేరు గక్కెన్‌ఫ్లెక్స్. మామూలు 35 ఎంఎం రీలే ఎక్కుతుంది. అది ఎంత నచ్చిందంటే, అదే పద్ధతిలో వేరే పేర్లతో చవక కిట్లు వచ్చి ఆన్‌లైన్‌లో నేటికీ దొరుకుతున్నాయి. అలాంటి ఒకదాన్ని నేనూ తెప్పించుకున్నాను.

తొమ్మిదో తరగతి చదివే మా చెల్లెలి కొడుకు వేసవి సెలవులకు వచ్చినప్పుడు భోజనాల బల్ల మీద తెల్ల దుప్పటి పరిచి ఇద్దరం దాన్ని బిగించాం. తెల్ల దుప్పటి ఎందుకంటే, వేలి కొస నుంచి జారిన స్క్రూ దాని మీద పడితే వెంటనే కనిపిస్తుంది. గచ్చు మీద పడితే ఇల్లంతా ఊడ్చినా దొరకదు. కిట్‌లో అన్నింటికంటే ఓపిక అడిగేది షట్టర్. ఆ మాట వినగానే ఏదో పెద్ద యంత్రం అనిపిస్తుంది కానీ, ఇందులో అది వేలెడంత కూడా లేని నల్ల పలక. దానికో మీట, రెండు సన్నటి స్ప్రింగులు. స్ప్రింగు కొక్కేన్ని ట్వీజర్‌తో పట్టుకుని, ఊపిరి బిగబట్టి, ప్లాస్టిక్ మేకుకు తగిలించాలి. ఒకటి రెండుసార్లు అది ఎగిరి దుప్పటి మీద పడింది. మూడోసారి తగులుకుంది. మీట నొక్కితే ‘టిక్’ మంది. లెన్స్ వెనకున్న రంధ్రం తెరుచుకుని మూసుకుంది. అలా తెరుచుకునేది సెకనులో నూట యాభయ్యో వంతు.

‘‘మామయ్యా, ఇంతేనా? ఈ స్ప్రింగేనా ఫొటో తీసేది?’’ అన్నాడు వాడు.

‘‘స్ప్రింగు తలుపు తీసి వేస్తుందిరా, అంతే. లోపలికొచ్చి ఫిల్ము మీద పడేది వెలుతురు’’ అన్నాను. వాడు మళ్లీ మీట నొక్కాడు. మళ్లీ మళ్లీ నొక్కుతూనే ఉన్నాడు.

ఆ తర్వాత లెన్సులు. పైది మనం చూడ్డానికి, కిందది ఫొటో తీయడానికి. రెండు గొట్టాల చుట్టూ పళ్లుంటాయి. ఒకదాని పళ్లు రెండోదాంట్లో ఇమిడేలా పెట్టాలి. అప్పుడు పై లెన్స్‌ను తిప్పి బొమ్మను స్పష్టం చేసుకుంటే కింది లెన్స్ దానంతటదే అంతే దూరం తిరుగుతుంది. పైదాని వెనక 45 డిగ్రీల వాలులో చిన్న అద్దం, అద్దానికి పైన మసక తెర. అన్నీ బిగించి కిటికీ వైపు తిప్పగానే, తెర మీద మా పెరట్లోని కరివేపాకు చెట్టు ప్రత్యక్షమైంది. అయితే కుడి ఎడమలు తారుమారుగా. లెన్స్ తలకిందులు చేసిన బొమ్మను అద్దం నిటారుగా నిలబెడుతుంది కానీ, కుడి ఎడమలను సరిచేయలేదు. అందుకే ఈ రకం కెమెరాతో నడుస్తున్న మనిషిని పట్టాలంటే, తెర మీద ఎటు పోతున్నాడో దానికి ఎదురు దిక్కుకు కెమెరా తిప్పాలి. పుస్తకంలో రెండు పేజీల పాఠమిది. చేత్తో పట్టుకున్నవాడికి క్షణంలో తెలిసిపోతుంది.

ఆస్ట్రియాకు చెందిన లోమోగ్రఫీ 2013లో ‘కన్‌స్ట్రక్టర్’ అని ఇంకో కిట్ తెచ్చింది. అది ఒకే లెన్స్‌తో పనిచేసే ఎస్సెల్లార్. ఫొటో తీసే లెన్స్‌లోంచే చూస్తాం, బటన్ నొక్కగానే అద్దం పైకి లేస్తుంది. ఒకటి రెండు గంటల్లో బిగించేయొచ్చు. 2024లో లెగో సంస్థ 516 ముక్కలతో పాత పోలరాయిడ్ కెమెరా నమూనా విడుదల చేసింది. చూడముచ్చటగా ఉంటుంది కానీ ఫొటో తీయదు. నా మొగ్గు మాత్రం ఎంత ముతకగా వచ్చినా సరే, బిగించాక ఒక ఫొటో ఇచ్చే కిట్ వైపే.

చెక్క నుంచి ప్లాస్టిక్‌కు

కిట్ల చరిత్ర ఇంగ్లండ్‌లోని లివర్‌పూల్ నుంచి మొదలుపెట్టొచ్చు. ఫ్రాంక్ హార్న్‌బీ అనే గుమస్తా తన పిల్లల కోసం చిల్లులున్న లోహపు పట్టీలు, నట్లు, బోల్టులతో ఆడుకునే సామగ్రి తయారుచేసి 1901లో పేటెంటు తీసుకున్నాడు. అదే తర్వాత మెకానో అయింది. మన దగ్గర అదే తరహాలో మెకానిక్స్ సెట్లు వచ్చాయి. 1980లలో, 90లలో పుట్టినరోజుకు ఆ డబ్బా అందుకున్నవాళ్లకు, పలచటి రేకు స్పానరు పట్టుకుంటే వేలి మీద పడే గీత ఇప్పటికీ గుర్తుండే ఉంటుంది. ఎన్‌సీసీ ఎయిర్ వింగ్‌లో చేరినవాళ్లయితే నమూనా విమానాలు తయారుచేసి ఎగరేసి ఉంటారు.

ప్లాస్టిక్ కిట్లకు దారి వేసింది ఎయిర్‌ఫిక్స్. హంగరీ నుంచి బ్రిటన్‌కు వలస వచ్చిన నికొలస్ కోవ్ 1939లో దాన్ని స్థాపించాడు. మొదట్లో గాలి నింపే రబ్బరు బొమ్మలు చేసేవారు. 1950ల మొదట్లో ‘గోల్డెన్ హైండ్’ ఓడ, ఆ వెంటనే స్పిట్‌ఫైర్ యుద్ధ విమానం చిన్న సంచుల్లో ముక్కలుగా వచ్చాయి. చవక కావడంతో బ్రిటన్ పిల్లలు పాకెట్ మనీతో కొనుక్కున్నారు. 

నాకు మాత్రం వీటన్నింటికంటే జపాన్‌లోని షిజువోకా కథ మీద మక్కువ. అది చెక్కపనికి పేరున్న ఊరు. తమియా సంస్థ అక్కడ 1946లో కలప కోసే మిల్లుగా మొదలైంది. తర్వాత చెక్క ఓడలు, చెక్క విమానాల కిట్లు చేసింది. మన కొండపల్లి బొమ్మా ఇలా ముక్కలుగానే పుడుతుంది. తెల్లపొణికి చెక్కతో కాళ్లూ చేతులూ విడివిడిగా చెక్కి, చింతగింజల పొడి, రంపప్పొట్టు కలిపిన మక్కుతో అతుకుతారు. కొండపల్లిలో అతికేది కళాకారుడు, షిజువోకా పెట్టెలో ఆ పని కొన్నవాడిది. విదేశీ ప్లాస్టిక్ కిట్లు వెల్లువెత్తేసరికి చెక్క కిట్లకు గిరాకీ పోయింది. తమియా 1960లో ‘యమాతో’ యుద్ధనౌకతో ప్లాస్టిక్‌లోకి అడుగుపెట్టింది. తర్వాత ఆ సంస్థను నడిపిన షున్‌సాకు తమియాకు కొలతల మీద పట్టు ఎలాంటిదంటే, పోర్షె కారు కిట్ తయారుచేయడానికి ఏకంగా ఒక 911 కారునే కొని, విప్పి, ఒక్కో భాగం కొలిపించాడు. వాళ్ల కిట్‌లో ఒక ముక్క ఇంకో ముక్కలో ఎక్కడా అరగకుండా, వదులు లేకుండా కూర్చుంటుంది. ఆ కుదురు వెనక ఇంత శ్రద్ధ ఉంది.

1980లో బందాయ్ సంస్థ గండమ్ రోబో కిట్‌ను 300 యెన్‌లకు తెచ్చింది. తర్వాత్తర్వాత వచ్చిన వాటికి జిగురు అక్కర్లేదు, నొక్కితే అతుక్కుంటాయి. మన నగరాల్లో కుర్రకారు ఎక్కువగా ఈ దారిలోనే కిట్లలోకి వస్తున్నారు. దాన్ని నేను తక్కువచేసి చూడను. నిప్పర్‌ను ముక్కకు ఆనించి కాకుండా, కాస్త దూరంగా ఒకసారి, దగ్గరగా రెండోసారి కత్తిరిస్తే తెల్లటి మచ్చ పడదని నేర్చుకున్న చెయ్యి, రేపు లెన్స్ రింగు విప్పేటప్పుడూ తొందరపడదు.

మన ఇళ్లలో ఉన్నవే

పాత కెమెరా అనగానే జర్మనీ లైకా గుర్తుకొస్తుంది. దాని కథ చెప్పుకోదగ్గదే. వెట్జ్‌లార్‌లోని లైట్జ్ కంపెనీలో పనిచేసే ఆస్కర్ బర్నాక్‌కు ఉబ్బసం. గాజు పలకల కెమెరా బరువు మోయలేక, సినిమాకు వాడే 35 ఎంఎం ఫిల్మునే జేబు కెమెరాలో వాడేలా మొదటి ప్రపంచ యుద్ధానికి కాస్త ముందు ఒక నమూనా చేశాడు. సినిమా కెమెరాలో ఫిల్ము నిలువుగా పోతుంది. ఆయన దాన్ని అడ్డంగా పోనిచ్చి, రెండు సినిమా ఫ్రేముల చోటును ఒక ఫొటోకు ఇచ్చాడు. 24, 36 మిల్లీమీటర్ల కొలత అలా వచ్చిందే. 1925లో లైకా అమ్మకానికి వచ్చింది. 1957 నాటి ‘మాయాబజార్’ను కెమెరామన్ మార్కస్ బార్‌ట్లీ చిత్రీకరించిన ఫిల్మూ, మన పెళ్లి ఫొటోల 36 రీలూ వెడల్పులో ఒకటే. అంచున ఉండే చిల్లులూ అవే వరుస.

కానీ లైకా ధర వింటే మామూలు మనిషి ఈ సరదాకే దండం పెట్టేస్తాడు. అంత దూరం పోనవసరం లేదు. మన ఇళ్లలోనే ఏమున్నాయో చూడండి. అగ్ఫా క్లిక్ త్రీ ఉండొచ్చు. బరోడాలో తయారై దేశమంతా తిరిగిన కెమెరా అది. 120 రీలు, పన్నెండు చతురస్రపు ఫొటోలు. ఎండకో గుర్తు, మబ్బుకో గుర్తు. నాన్నగారి ఉద్యోగం కొత్తల్లో తీసిన ఫొటోలు చతురస్రంగా ఉన్నాయంటే, అవి క్లిక్ త్రీవో, స్టూడియోవాళ్ల యాషికావో అయ్యుంటాయి. 1980లలో పుట్టినవాళ్ల ఇంట్లో హాట్‌షాట్ దొరకొచ్చు. సోవియట్ యూనియన్ ఉన్న రోజుల్లో అక్కడి నుంచి వచ్చిన జెనిత్ ఉండొచ్చు. మెడలో వేసుకుంటే బరువు తెలిసే కెమెరా, కానీ దాని హీలియోస్ లెన్స్ వెనకటి దృశ్యాన్ని సుడి తిప్పినట్టు చూపిస్తుంది. ఈ తరం కుర్రాళ్లు దానికోసమే వెతుక్కుంటున్నారు.

ఫిల్ము కూడా ఒకప్పుడు మనదే ఉండేది. 1960లో ప్రభుత్వ రంగంలో ఏర్పాటైన హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్ ఊటీలో ‘ఇందు’ పేరుతో నలుపు తెలుపు రీళ్లు, ఫొటో పేపరు, ఎక్స్‌రే ఫిల్ములు తయారుచేసింది. నష్టాల్లో కూరుకుపోయి చివరికి మూతపడింది. ఒక దేశం తన ఫిల్మును తానే తయారుచేసుకోవడం మాటలు కాదు. ఆ పరిశ్రమ, ఆ పనితనం చేజారిపోవడం నాకు నిజంగా బాధగా ఉంటుంది.

పాత కెమెరా కొనాలంటే హైదరాబాద్ ఎర్రగడ్డలో ఆదివారం సంతకు వెళ్లొచ్చు. వెళ్లినప్పుడు తొందరపడకుండా మూడు పనులు చేయండి. వెనక మూత తీసి షట్టర్‌ను అన్ని వేగాల దగ్గరా నొక్కండి. ఒక సెకనుకు పెట్టినప్పుడు నిజంగా సెకను సేపు తెరుచుకోవాలి. లెన్స్‌కు ఒకవైపు నుంచి ఫోను టార్చి వేసి, రెండోవైపు నుంచి చూడండి. సాలెగూడు లాంటి కొమ్మలు కనిపిస్తే అది బూజు. మన కోస్తా ఉక్కకు విశాఖ, కాకినాడ ఇళ్లలోని లెన్సులకు ఈ బెడద ఎక్కువ. ముదిరితే అద్దం మీది పూతను తినేస్తుంది. బ్యాటరీ గది మూత తీసి పచ్చటి తుప్పు ఉందేమో చూడండి. ఇక, అందంగా ఉందని తోలు కేసులోనే కెమెరాను దాచకండి. తోలు తేమను పట్టి ఉంచుతుంది. గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో పెట్టడమే మంచిది.

మొదటి కెమెరాగా నేను చెప్పేది పెంటాక్స్ కె1000. 1976 నుంచి 1997 దాకా తయారైంది. ఫొటోగ్రఫీ విద్యార్థులు లోకమంతటా దీనిమీదే చేయి తిప్పుకున్నారు. బ్యాటరీ వెలుతురు చూపే ముల్లుకే. అది లేకపోయినా షట్టర్ పనిచేస్తుంది. నికాన్ ఎఫ్ఎం2 కూడా అంతే, బ్యాటరీ లేకుండానే సెకనులో నాలుగు వేలో వంతు వేగం దాకా వెళ్తుంది. కొన్ని పాత కెమెరాలకు మాత్రం బ్యాటరీతోనే చిక్కు. అవి 1.35 వోల్టుల పాదరసం బ్యాటరీలకు తయారైనవి. పాదరసం విషమని వాటిని నిషేధించారు. ఇప్పటి 1.5 వోల్టులది వేస్తే మీటరు తప్పు లెక్క చెబుతుంది. జింక్-ఎయిర్ బ్యాటరీ వేస్తే దాదాపు పాత వోల్టేజే వస్తుంది.

నూనె ఎండిపోయింది, అంతే

మా నాన్నగారి స్నేహితుడొకాయన స్టూడియో మూసేస్తూ తన రెండు లెన్సుల యాషికాను నాకిచ్చారు. సెకనుకు పెట్టి నొక్కితే షట్టర్ తెరుచుకుని అలాగే ఉండిపోయేది. కోఠిలో ఓ మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లాను. అరవై దాటిన మనిషి. ఫోన్లు, డిజిటల్ కెమెరాలు బాగుచేస్తూ బతుకుతున్నా, పాత కెమెరా చూడగానే కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

‘‘ఇది చెడిపోలే సార్. నూనె ఎండిపోయింది, అంతే. ఎన్నేండ్ల సంది నొక్కలేదో ఏమో’’ అన్నాడు.

ముందు లెన్స్ చుట్టూ ఉన్న రింగుకు రబ్బరు ముక్క ఆనించి, గట్టిగా అదిమి తిప్పాడు. రింగు వదిలింది. లెన్స్ పైకొచ్చింది. కింద సన్నటి ఉక్కు రేకులు ఒకదాని మీద ఒకటి వాలి, పూర్తిగా మూసుకుని ఉన్నాయి. వాటి మీద గోధుమరంగు జిడ్డు. దూది పుల్లను స్పిరిట్‌లో ముంచి, రేకుల మీద అద్ది, షట్టర్ నొక్కాడు. మళ్లీ అద్దాడు, మళ్లీ నొక్కాడు. దూది నల్లబడుతున్న కొద్దీ శబ్దం మారుతూ వచ్చింది. మొదట్లో బద్ధకంగా ‘క్ళ్...ప్’ మన్న షట్టర్ కాసేపటికి పదునుగా ‘చిట్’ మంది. ఆయన కళ్లు మూసుకుని వింటున్నాడు. మీటర్ లేదు, యంత్రం లేదు. సెకనుకు పెట్టి, మనసులో లెక్కపెట్టి, సరే అన్నట్టు తల ఊపాడు.

‘‘రేకుల మీద నూనె వెయ్యొద్దు సార్. చానామంది అదే చేస్తరు. వెనకున్న గేర్లకు సూది మొనతో వెయ్యాలె, అది కూడా కొంచెమే’’ అన్నాడు.

‘‘ఈ పని ఎవరికైనా నేర్పుతున్నారా అన్నా?’’ అని అడిగాను.

‘‘నేర్చుకుంటానని వస్తే కదా సార్’’ అన్నాడు.

ఆ మాట నన్ను వదల్లేదు. పెంటాక్స్ కంపెనీ ఇరవై ఏళ్ల విరామం తర్వాత 2024లో ‘పెంటాక్స్ 17’ పేరుతో కొత్త ఫిల్ము కెమెరా తెచ్చింది. 36 రీలులో 72 ఫొటోలు వచ్చే సగం ఫ్రేము కెమెరా. అందులో వేలితో లాగి రీలు చుట్టే మీటను మళ్లీ తయారుచేయడానికి వాళ్లు రిటైరైన ఇంజినీర్ల సాయం అడిగారు. డ్రాయింగులు కంపెనీ దగ్గర ఉండొచ్చు. మీట ఎంత బిగువుగా ఉండాలో పాతవాళ్ల చేతులకే తెలుసు. కోఠి మెకానిక్‌కు తెలిసిందీ ఆ రకం విద్యే. మీ ఊళ్లో అలాంటివారుంటే, సెలవురోజున మీ పిల్లల్ని ఒక పూట ఆయన పక్కన కూర్చోబెట్టండి. నా విన్నపమిది.

వెనక మూత అంచున ఉండే ఫోమ్‌ను మాత్రం మీరే మార్చుకోవచ్చు. కాలం గడిచేసరికి అది తారులా జిగటపడి, వెలుతురు లోపలికి కారుతుంది. టూత్‌పిక్, స్పిరిట్‌తో పాతది గీకేసి, నల్ల ఫోమ్‌ను గాడిలోకి సరిగ్గా కూరితే ఒక్క మధ్యాహ్నంలో పూర్తవుతుంది. కిట్ బిగించిన చేతికి అది పెద్ద పనేం కాదు.

రీలు కడగడం

మీటరు లేకపోయినా ఫొటో తీయొచ్చు. పాత ఫొటోగ్రాఫర్ల లెక్క ఇది: మంచి ఎండలో ఎపర్చర్ 16 దగ్గర పెట్టి, షట్టర్ వేగాన్ని ఫిల్ము వేగానికి దగ్గరి అంకెకు తిప్పాలి. 200 ఫిల్మయితే 1/250. మబ్బు పట్టిందా, 8కి దించాలి. ఇంటి నీడలోకి వచ్చారా, 4కి. మన వేసవి మిట్టమధ్యాహ్నం వెలుతురు కావలసినంత ఉన్నా కళ్ల కింద నల్లటి గుంటలు పడతాయి. పొద్దున్న తొమ్మిదిలోపు, సాయంత్రం నాలుగున్నర తర్వాత తీస్తే మనుషుల ముఖాలు బాగా వస్తాయి.

రంగుల రీలు కొని, కడిగించి, స్కాన్ చేయించడానికి వెయ్యి రూపాయలు దాటుతోంది. ఒక్కో ఫొటోకు ముప్పై రూపాయల చిల్లర లెక్క. తక్కువేం కాదు. అందుకే నేను నలుపు తెలుపు రీలు ఇంట్లోనే కడుక్కుంటాను. సినిమాల్లో ఎర్ర బల్బు కింద అన్నీ చేసేసినట్టు చూపిస్తారు కానీ, ఎర్ర బల్బు ఫొటో పేపరుకే. ఇప్పటి ఫిల్ముకు ఎర్ర వెలుతురు కూడా తగలకూడదు. చేతులు మాత్రమే దూరే నల్ల సంచిలో కెమెరా రీలును విప్పి, ఫిల్ము కడిగే ట్యాంకులోని చుట్టకు ఎక్కించాలి. చూపుతో పని లేదు, అంతా వేళ్ల మీదే. మూత బిగించాక ఇక దీపం వేసుకోవచ్చు.

డెవలపర్‌గా డీ-76 వాడతాను. కొడాక్ 1920లలో రూపొందించిన సూత్రమది. నేటికీ నిలిచింది. లీటరు నీటికి మెటాల్ 2 గ్రాములు, సోడియం సల్ఫైట్ 100, హైడ్రోక్వినోన్ 5, బోరాక్స్ 2. పొడి పొట్లంగానూ దొరుకుతుంది. వెలుతురు సోకిన వెండి లవణాలను అది నల్లటి వెండిగా మారుస్తుంది. ఆ తర్వాత హైపో, వెలుతురు సోకని లవణాలను కరిగించి తీసేస్తుంది. చివర్లో బాగా నీళ్లు. మన దగ్గర అసలు పరీక్ష ఉష్ణోగ్రత. ఈ డెవలపరుకు 20 డిగ్రీలు కావాలి. మే నెలలో హైదరాబాద్ ట్యాంకు నీళ్లు 30 దాటి ఉంటాయి. వేడి పెరిగితే పని త్వరగా జరిగిపోతుంది. 20 దగ్గర ఏడు నిమిషాల దాకా పట్టే ఫిల్ము 24 దగ్గర ఐదు నిమిషాలకే అయిపోతుంది. అంతకంటే వేడెక్కితే ఫిల్ము మీద ఒకచోట ముదురు, ఒకచోట లేత. కాబట్టి కుండ నీళ్లతో మొదలుపెట్టి, పెద్ద బేసిన్‌లో ఐసు ముక్కలు వేసి, డెవలపర్ సీసాను అందులో నిలబెట్టి, థర్మామీటర్ చూస్తూ కూర్చుంటాను. రంగుల ఫిల్ముకేమో 38 డిగ్రీలు కావాలి. దానికి చలికాలంలో నీళ్లు కాచుకోవాల్సి వస్తుంది.

కడిగిన రీలును ట్యాంకులోంచి తీసి, తడితో మెరుస్తున్నప్పుడే వెలుతురుకు పెట్టి చూస్తే, తెల్లచొక్కా నల్లగా, నల్లటి జుట్టు తెల్లగా ముప్పైఆరు గళ్లు వరసగా కనిపిస్తాయి. మా మేనల్లుడు తన కెమెరాతో తీసిన కరివేపాకు చెట్టూ, వీధిలో సైకిలూ, వాళ్లమ్మ ముఖమూ ఉన్నాయి. అంచులు మసకగా, మధ్యలో మాత్రం స్పష్టంగా. వాడు ఫోనులో అంతకంటే పదునైన ఫొటోలు వందలు తీసి ఉంటాడు. కానీ ఆ రీలు చూపిస్తూ ఇంటిల్లిపాదికీ షట్టర్ ఎలా పనిచేస్తుందో వివరించాడు.

కాగితంతో, అగ్గిపెట్టెతో

ఇంత ఖర్చెందుకు, ఊరికే రుచి చూద్దామనుకునేవాళ్లకూ దారి ఉంది. 1979లో చెకోస్లొవేకియాలో ‘ఏబీసీ’ అనే పిల్లల సైన్సు పత్రిక ‘దిర్కోన్’ అనే కెమెరా నమూనా అచ్చువేసింది. పేజీని మందపాటి కాగితానికి అతికి, గీతల వెంట కత్తిరించి, మడిచి జిగురు పెడితే నిజమైన 35 ఎంఎం కెమెరా తయారయ్యేది. లెన్స్ ఉండదు, సూది బెజ్జమే. మార్టిన్ పిల్నీ, మిరెక్ కొలార్‌లతో కలిసి దాన్ని రూపొందించిన రిచర్డ్ విష్కోవ్‌స్కీ కాగితపు నమూనాల తయారీలో పేరున్నవాడు. కెమెరా కొనలేని పిల్లలకు దాన్ని కాగితంలో అందించిన ఆ ముగ్గురి మీద నాకెంతో గౌరవం.

మనం అగ్గిపెట్టెతో చేద్దాం. లోపలి అర అడుగున మధ్యలో 24 మిల్లీమీటర్ల చతురస్రం కత్తిరించండి. ఫొటో కొలత అదే. పై డబ్బాకు మధ్యలో చిన్న కిటికీ కోసి, కూల్‌డ్రింకు డబ్బా రేకు ముక్కకు సూది మొనతో సన్నగా బెజ్జం పెట్టి అక్కడ అతికించండి. బెజ్జం ఎంత గుండ్రంగా ఉంటే ఫొటో అంత బాగుంటుంది. రేకు వెనక గరుకును నీటి ఎమెరీ కాగితంతో సున్నితంగా రుద్దితే ఇంకా మంచిది. అర మొత్తానికీ లోపల నల్ల స్కెచ్ పెన్ను పూయండి. కొత్త 100 రీలు నాలుకను అర వెనక నుంచి లాగి, అవతలివైపు ఖాళీ డబ్బీలో మిగిలిన ఫిల్ము కొసకు టేపుతో అతికించండి. ఖాళీ డబ్బీలు ఫొటో ల్యాబ్‌లో అడిగితే ఇస్తారు. అగ్గిపెట్టె, రెండు డబ్బీలు కలిపి నల్ల ఇన్సులేషన్ టేపు రెండు మూడు వరసలు చుట్టేయండి. బెజ్జం మీద టేపు ముక్క ఒకటి తలుపులా ఉండాలి. అదే షట్టర్.

ఎండలో కెమెరాను గోడ మీద కదలకుండా పెట్టి, టేపు తీసి ఒకటి రెండు సెకన్లు ఆగి వేసేయండి. నీడలో మరికొంత ఎక్కువసేపు. ఖాళీ డబ్బీ ఇరుసును తిప్పుతూ ఒక్కో ఫొటోకు ఫిల్ము ఆరు చిల్లుల మేర జరగాలి. స్పైరల్ బైండింగు ప్లాస్టిక్ ముక్కను ఫిల్ము చిల్లుల్లో పడేలా అంచున అతికిస్తే ఒక్కో చిల్లు దాటినప్పుడల్లా ‘టిక్’ మని వినిపిస్తుంది, లెక్కపెట్టుకోవచ్చు. ఏటా ఏప్రిల్ చివరి ఆదివారం ప్రపంచమంతా సూది బెజ్జం ఫొటోల దినం జరుపుకొంటున్నారు. 2001 నుంచీ ఉన్న ఆనవాయితీ అది. అప్పటికి ఒక రీలు పూర్తిచేసి చేతిలో ఉంచుకోవచ్చు. కడగడానికి ల్యాబ్‌లో ఇచ్చేటప్పుడు మాత్రం ఫ్రేములు మామూలు కొలతలో లేవనీ, రీలును ముక్కలుగా కత్తిరించకుండా పొడుగ్గానే ఇవ్వమనీ ముందే చెప్పండి.